మూడో మలుపు పాట

ఆ వానాకాలం మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ పని చేసింది ఒక నీలం ప్లాస్టిక్ టబ్బు. రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు ప్రవీణ్ ఒక్కరోజు ఔట్‌పాస్ మీద తార్నాకలో మా ఇంటికి వచ్చేవాడు. వచ్చీ రాగానే కుర్చీలో కూలబడేవాడు. అమ్మ టబ్బులో వేడినీళ్లు పోసి, గుప్పెడు రాళ్లుప్పు వేసి, వాడి పాదాలు రెండూ అందులో పెట్టించేది. వాడు స్పెషల్ పోలీసు బెటాలియన్ ట్రైనింగ్‌కు వెళ్లి అప్పటికి ఆరు నెలలు. ఇంకో మూడు నెలలు ఓర్చుకుంటే పాసింగ్ ఔట్.

"ఎవురు పొమ్మన్నార్రా నిన్ను? బీటెక్ చదివి బూట్లు అరగదీసేదానికా?" అనేది అమ్మ, వాడి మడమల మీది బొబ్బలు చూసి. మా అమ్మ నాగమణి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పని చేస్తుంది. హైదరాబాదుకు వచ్చి ఇరవై ఏళ్లయినా కోపమొస్తే మాట నేరుగా నంద్యాలకు వెళ్లిపోతుంది.

"నేను అరగదీస్తలేనమ్మా. అవే నన్ను అరగదీస్తున్నయ్," అనేవాడు వాడు కళ్లు మూసుకుని. వాడు పెరిగింది తార్నాకలో, మాటా ఇక్కడిదే.

నేను హారికను. క్యాంపస్‌లో తెలుగు పరిశోధన చేస్తున్నాను. పని చేస్తూ పాడుకునే పాటలు నా విషయం. "దానికి పాట దొరికితే చాలు, ఎదురుగా ఉండే మనిషి కనపడడు" అని అమ్మ నన్ను ఎత్తిపొడుస్తుంటుంది. అమ్మలు ఊరికే అంటారులే అనుకునేదాన్ని. ఆ వానాకాలం నాకు బుద్ధొచ్చింది.

జూన్ చివర్లో ఒక ఆదివారం, స్నానాల గదిలో వాడు పాడుతున్నాడు. ఒక్కడే రెండు గొంతులు చేసుకుని, ఒక మాట తను అంటూ, బదులు కూడా తనే చెప్పుకుంటున్నాడు. నేను ఫోన్ తలుపుకు ఆనించి రికార్డు చేశాను.

మొదటి మలుపు దాటినమే – దాటినమే!
రెండో మలుపు దాటినమే – దాటినమే!
మూడో మలుపు కాడ ఎవరున్నరే? – రాజలింగమన్న ఉన్నడే!
సిద్దిపేట పులిబిడ్డ నేలొరిగినాడే – సలాం అన్న, సలాం!

వాడు తల తుడుచుకుంటూ బయటికి రాగానే పట్టుకున్నాను. ఎవర్రా ఈ రాజలింగం?

"తెల్వదా నీకు? మా గ్రౌండ్‌ల మూడో మలుపు కాడ వాటర్ ట్యాంకు ఉంటదక్కా. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. దోస్తు తుపాకి గూడ తనే మోసుకుంట, పాట పాడుకుంట ఉరికి ఉరికి గాడనే పానం ఇడిసిండట. ఇరవై రెండేండ్లయింది. ట్యాంకు మెట్లకు ఇనుప కడ్డీ ఉంటది గదా, దానికి మేమందరం పాత బూటు లేసు ఒక్కటి కడ్తం. కట్టకుంటే కాళ్లు పట్టేస్తయని అంటరు."

"పాట ముందు పరిగెత్తేవాడు అందుకుంటాడా?"

"అదే మా దగ్గర డిఫరెంటు. అందరికన్నా ఎనక ఉరికేటోడు పాడాలె. ముందటోళ్లు అందరు అనాలె. రాజలింగమన్న పెట్టిన రూల్ అది."

"అయితే ఇప్పుడెవరు పాడుతున్నారు?"

వాడు తువ్వాలు నా మీదికి విసిరాడు. ట్రైనింగ్‌కు వెళ్లేటప్పుడు తొంభై రెండు కిలోలున్న మనిషి, ఆరు నెలలుగా స్క్వాడ్‌లో ఆఖరివాడు వాడే. సాయంత్రం బూట్లు తొడుక్కుంటూ మాత్రం మెల్లగా అన్నాడు: "నిజం చెప్పాలంటే రోజూ మూడో మలుపు కాడ ఇగ ఆగిపోదామనిపిస్తది. ఆయన పేరు అనంగనే సిగ్గయితది. సచ్చేదాక ఉరికిండు గదా, నాకేమయింది అనుకుంట."

మర్నాడు నేను మాణికేశ్వర్ నగర్‌కు వెళ్లాను. అక్కడ బుచ్చవ్వ ఉంటుంది. సాయంత్రాలు క్యాంపస్ గేటు దగ్గర ఆకుకూరలు అమ్ముతుంది. రెండేళ్లలో నాకు పదకొండు నాట్ల పాటలు ఇచ్చిన మనిషి. వెళ్లినప్పుడల్లా వద్దన్నా వినకుండా ఒక గోంగూర కట్ట సంచిలో కుక్కి పంపేది. తమ్ముడు పాడిన వరస ఎక్కడో పొలంలో పుట్టిందని నాకు అనుమానం. వరస పోల్చి చెప్పడంలో బుచ్చవ్వను మించినవాళ్లు లేరు.

ఆమె గడపలో కూర్చుని పాలకూర కట్టలు కడుతోంది. నేను ఫోన్ ముందు పెట్టి, నా ఇంకో ఫోన్‌లో రికార్డు నొక్కి, పాట వినిపించాను. రెండు మాటలు వినగానే ఆమె ముఖం విప్పారింది.

"గిది మా మడి పాట బిడ్డా! మొదటి మడి దాటినమే, రెండో మడి దాటినమే... నాట్లేసేటప్పుడు పాడుతుంటిమి. మా అత్తగారి ఊళ్లె తప్ప యాడ పాడరు గిది. పోలీసోళ్లకు ఎట్ల పోయిందే?"

ఆమె పాటతో పాటే గొంతు కలిపింది. మూడో మాట దగ్గర గొంతు ఆగింది. చేతిలో పాలకూర కట్ట ఆగింది.

"మల్ల పెట్టు."

మళ్లీ పెట్టాను.

"ఏ రాజలింగం?"

ఆ క్షణాన ఆమె ముఖం చూసినా నాకు తెలిసేది. నేను రికార్డవుతుందో లేదో చూసుకుంటున్నాను. ఎండ, రెండు తుపాకులు, ట్యాంకు, బూటు లేసులు, ప్రాణం పోవడం, అన్నీ ఉత్సాహంగా చెప్పేశాను. సిద్దిపేట దిక్కువాడట, ఇరవై రెండేళ్ల కిందటి మాటట అని కూడా చెప్పాను.

బుచ్చవ్వ కట్ట పక్కన పెట్టింది. లోపలికి తిరిగి కేకేసింది. "లింగా! ఓ లింగా! గీడికి రారా."

లోపలినుంచి ఒక మనిషి గడ్డానికి సబ్బు నురగతో వచ్చాడు. ఆయన నాకు తెలుసు. క్యాంపస్‌లో ఏటీఎం ముందు సెక్యూరిటీగా నిలబడతాడు. రెండేళ్లుగా నేను డబ్బు తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా మడమలు కలిపి సెల్యూట్ కొట్టేవాడు. నేను తలాడించి పోయేదాన్ని. పేరెప్పుడూ అడగలేదు.

"ఇగో, నా కొడుకు. ఎప్పుడు సచ్చిండో ఈన్నే అడుగు," అంది బుచ్చవ్వ.

ఆయనే ఫోన్ తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని మొత్తం విన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. నురగ వెనక నవ్వుతున్నాడు.

"మూడో మలుపు ఇంక పాడుతున్నరా మేడం?" అన్నాడు. దోస్తు తుపాకి సంగతి చెబితే ఇంకా నవ్వాడు. "నాది నాకే మోయ వస్తుండకపోయె. రెండోది యాడికెల్లి వచ్చింది?"

తర్వాత గుమ్మంలో కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఎనిమిది నెలలు చేసిన మేడం. ఉరుకుడే రాకపోయేది. మాకు డ్రిల్లు నేర్పే సామేలు ఉస్తాద్ విజిల్ ఊదేలోపు అందరు గీత దాటాలె. ఒక్కడు దాటకున్నా స్క్వాడ్ మొత్తానికి ఇంకో రౌండ్. ఆ ఒక్కణ్ని రోజూ నేనే. నలభై మంది నా ఒక్కనికోసం ఎండల ఉరికెటోళ్లు. ఒక్కనాడన్న విజిల్‌కు ముందు గీత దాటలే. ఒక ఆదివారం ఔట్‌పాస్ మీద వచ్చి మల్ల పోలే. నేను పోతేనన్న వాళ్లకు సుఖమైతదనుకున్న. ఎనక ఉరుక్కుంట నేను పాడిన అవ్వ పాట మాత్రం గాడ ఉండిపోయింది."

"ఇప్పుడే చెప్తున్న బిడ్డా," అంది బుచ్చవ్వ నాతో. "బతికున్న కొడుకు మీద సావు పాట పాడితే ఏ తల్లి ఊకుంటది? మాన్పియ్యి."

"వద్దే అవ్వా," అన్నాడు రాజలింగం. "గాడ నేను బతికుంటే పారిపోయినోణ్ని. సచ్చినందుకే అన్ననైన. గట్లనే ఉండనీ."

"నీకు ఇజ్జత్ గావాలె. నాకు కొడుకు గావాలె," అని ఆమె కట్టలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. నా వైపు చూడకుండానే అంది: "పాట నా ఇంటికి తెచ్చింది నువ్వు. నువ్వే మార్పియ్యాలె."

ఆ రోజు నా సంచిలో గోంగూర కట్ట పడలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, దారి పొడుగునా నాకు బాధకన్నా సంబరమే ఎక్కువ. చావని మనిషికి వీరగాథ పుట్టింది, ఒక్కో బ్యాచ్ ఒక్కో ముక్క అతికించింది, ఇంతకన్నా మంచి అధ్యాయం ఏ పరిశోధకురాలికి దొరుకుతుంది? ఆ సంబరంలోనే రెండో తప్పు చేశాను. సాయంత్రం తమ్ముడికి ఫోన్ దొరికే అరగంటలో అంతా చెప్పేశాను, మంచి కబురు చెప్పినట్టు.



"అంటే మధ్యల ఇడిసిపెట్టి పోయిండా ఆయన?" అన్నాడు.

"అవున్రా. పాపం, మంచి మనిషి."

"సరే అక్కా. రోల్‌కాల్ టైమయింది," అని పెట్టేశాడు.

తర్వాతి ఔట్‌పాస్‌కు వాడు పెద్ద బ్యాగుతో వచ్చాడు. టబ్బు వద్దన్నాడు. బూట్లు విప్పి బాల్కనీలో పడేసి, "నేను పోను," అన్నాడు. "ఆయనే పారిపోయిండు. నేనెందుకు సావాలె?"

అమ్మకు అది పండగ. ఆరు నెలలుగా ఆ మాట కోసమే కాచుకుని ఉంది. ఉగ్గాని చేసి, బజ్జీలు వేసి, వాడి పక్కనే కూర్చుని తినిపించింది. వాడు తిన్నాడు గానీ నమిలినట్టు లేదు. వాడు వెళ్లకపోతే బుచ్చవ్వ పాట మార్చేవాళ్లు ఎవరూ లేరు. ఆ స్క్వాడ్‌లో పాట అందుకునే హక్కు ఆఖరివాడిదే. ఆ ఆఖరివాడు మా ఇంట్లో బజ్జీల ముందు తల వంచుకుని కూర్చున్నాడు. అందుకు కారణం నేను.

మధ్యాహ్నం చినుకుల్లో పరుగెత్తుకుంటూ మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. వచ్చి తమ్ముడితో మాట్లాడమంటే రాజలింగం రానన్నాడు. "ఏ మొకం పెట్టుకుని చెప్తం మేడం?" అన్నాడు. బుచ్చవ్వ చెంగు నడుముకు దోపి, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. నలభై నాలుగేళ్ల మనిషిని అట్లా చెయ్యి పట్టుకునే మా ఇంటిదాకా నడిపించింది.

ఎవరో చెప్పగానే ప్రవీణ్ ఆయన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆరు నెలల అలవాటు, కాళ్లు వాటంతట అవే కలుసుకున్నాయి. అమ్మ టీ తెచ్చి కుర్చీలు జరిపింది.

"రిపోర్టింగ్ ఎన్నింటికి తమ్మీ?" అన్నాడు రాజలింగం.

"ఆరింటికన్నా."

"నేను గూడ ఇట్లనే ఇంట్ల కూసున్న ఒక ఆదివారం. ఐదున్నర అయింది. ఆరయింది. ఏడయితే ఇగ పోయి ఫాయిదా లేదు, ఫికర్ ఉండదు అనుకున్న." ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇరవై రెండేండ్లయింది. నాకింకా ఏడు కాలే. రోజూ నాలుగున్నరకు విజిల్ ఇన్నట్టయి లేస్త. క్యాంపస్ రోడ్డు మీద పోలీస్ సెలక్షన్ పోరగాళ్లు ఉరుకుతుంటే చూసుకుంట నిలబడ్త. అందర్ల ఎనకున్నోణ్నే చూస్త."



"నా వల్ల మొత్తం స్క్వాడ్‌కు పనిష్మెంట్ అయితుందన్నా," అన్నాడు ప్రవీణ్, నేల చూస్తూ. ఈ ముక్క వాడు మాకు ఏనాడూ చెప్పలేదు. అమ్మ చెయ్యి వాడి భుజం మీద పడింది.

అప్పటిదాకా కింద కూర్చుని ఉన్న బుచ్చవ్వ నోరు విప్పింది. "ఎనకటోడు పాట ఎందుకు పాడాల్నో ఎరుకేనా బిడ్డా నీకు?"

"రూల్ అవ్వా."

"మా మడిలది గా రూల్. వరసల ఇరవై మందిమి నాటేస్తుంటిమి. ఒకామె కడుపుతోనుంటది, ఒకామెకు జ్వరముంటది, ఒకామెకు కొత్త. ఆమె ఎనకబడ్తది. గప్పుడు పాట ఆమెకిస్తుంటిమి. పాట ఆమె నోట్ల ఉంటే ముందటోళ్లు ఆమెను ఇడిసిపెట్టి యాడికి పోతరు? ఆమె దమ్మెంతనో పాటంత. పాటెంతనో మా చేతులంత. గట్ల అందరం ఒక్కసారే గట్టెక్కుతుంటిమి. మీ పోలీసోళ్లు పాట తీసుకున్నరు గాని ఆఖరి మాట ఇడిసిపెట్టిన్రు."

ఆమె పాడింది. రెండేళ్లలో నాకెప్పుడూ పాడని పాట అది.

మూడో మడి కాడ ఎవరున్నరే? – ఎనకబడ్డ సెల్లె ఉన్నదే.
ఆగుండ్రి అక్కలార, సెల్లె వస్తున్నదే.

"నీకోసం ఆగుడు తప్పు కాదు," అంది. "నా కొడుకు గాడ సావలే. ఎనకబడ్డడు. గంతే. గా ముక్క పాడు."

"లైన్ మారిస్తే సామేలు ఉస్తాద్ తంతడవ్వా," అన్నాడు ప్రవీణ్. ఆ రోజు మొదటిసారి కొంచెం నవ్వాడు.

"ఎనకటోడు అన్నదే ముందటోళ్లు అంటరు గదా? నువ్వు అను, వాళ్లు అనకపోతే నన్నడుగు."

గోడ గడియారం నాలుగూ యాభై చూపిస్తోంది. మా అమ్మ లేచి బాల్కనీలోకి వెళ్లింది. తడిసిన బూట్లు తెచ్చి, లోపల పాత పేపర్ కుక్కి తుడిచి, వాడి కాళ్ల ముందు పెట్టింది. ఆరు నెలలుగా వాణ్ని వచ్చేయమని పోరు పెట్టింది ఈమేనా అని చూస్తున్నాను.

"మెట్రో ఎక్కితే అందుకుంటావులే," అంది అమ్మ. వంగి లేసులు తనే కట్టింది.

వాడు వెళ్లాక అమ్మ వంటింట్లోకి పోయి ఏడ్చింది. బుచ్చవ్వ వెనకే వెళ్లి ఆమె పక్కన నిలబడింది. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఆ వానాకాలంలో నేను వినడానికి పోని మాటలు అవే.

పది రోజుల తర్వాత ప్రవీణ్ ఫోన్ చేశాడు. కొత్త ముక్క పాడాడట. ముందువాళ్లు సగంమంది పాతది అన్నారట, సగంమంది కొత్తది. ఉస్తాద్ ఆపి, ఎవడ్రా మార్చింది అని అడిగాడట. వీడు చేయెత్తి, మనిషి బతికే ఉన్నాడని చెప్పాడట.

"ఉస్తాద్ నన్నే చూసిండక్కా. టోపీ తీసి మల్ల పెట్టుకున్నడు. 'సచ్చిండని నేనెన్నడు చెప్పలేరా, పడిపోయిండని చెప్పిన. నా పనిష్మెంట్‌కు పారిపోయిండని ఎట్ల చెప్త? మిగిలిందంత మీ పోరగాళ్లు కలిపిన్రు' అన్నడు. తర్వాత, 'పరేడ్‌కు తీస్కరా' అన్నడు."

సెప్టెంబరు చివర్లో పాసింగ్ ఔట్ అయింది. బ్యాండు, బూట్ల చప్పుడు, అతిథుల ప్రసంగాలు అన్నీ అయ్యాయి. నేనూ అమ్మా ముందు వరసలో ఉన్నాం. బుచ్చవ్వ కొత్త చీర కట్టుకుని మా పక్కన కూర్చుంది. రాజలింగం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని, షామియానా చివర గుంజ చాటున ఆఖరి కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. ఆ కుర్చీకి ఎదురుగానే మూడో మలుపు, వాటర్ ట్యాంకు. దాని కడ్డీ నిండా రంగు పోయిన బూటు లేసులు వేలాడుతున్నాయి.

సామేలు ఉస్తాద్ తెల్లబడిన మీసాలతో అటుగా వచ్చాడు. రాజలింగం లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఉస్తాద్ ఆయన ముఖం చూడలేదు. కాళ్ల వైపు చూశాడు.

"బూట్లేవి?"

"లేవు ఉస్తాద్."

"చెప్పుల్తోని ఉరుకుతరా ఎవరన్న?" అని గద్దించి, మెడలో విజిల్ సవరించుకుంటూ గీత దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆ స్క్వాడ్‌కు ఒక ఆనవాయితీ ఉంది. పరేడ్ అయ్యాక అదే యూనిఫాంలో పాట పాడుతూ చివరి రౌండ్ పరిగెడతారు. నలభై మంది కదిలారు. చివర మా ప్రవీణ్. సన్నబడ్డాడు గానీ ఆఖరివాడు ఆఖరివాడే. మొదటి మలుపు దాటినమే అన్నాడు, దాటినమే అన్నారు. రెండో మలుపు దాటారు. షామియానా పక్కకు వచ్చేసరికి వాడు గొంతు పెంచాడు.

మూడో మలుపు కాడ ఎవరున్నరే? – రాజలింగమన్న ఉన్నడే!
ఆగుండ్రి అన్నలార, అన్న వస్తున్నడే!

నలభై గొంతులు ఒక్కటిగా అన్నాయి: వస్తున్నడే!

బుచ్చవ్వ వెనక్కి తిరిగి, అంత దూరం నుంచీ ఒకే మాట అంది. "పో."

రాజలింగం చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టాడు. ఒట్టి కాళ్లతో మట్టి ట్రాక్ మీదికి దిగి, ప్రవీణ్ వెనక పరుగందుకున్నాడు. ప్రవీణ్ వెనక్కి చూసి పాట ఆపేశాడు. ఆఖరివాడు ఇప్పుడు తను కాదు. కాసేపు బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత రొప్పుతున్న గొంతు ఒకటి లేచింది. మొదటి మలుపు దాటినమే. ఆ మాటకూ ఆ తర్వాతి మాటకూ మధ్య ఆయన రెండుసార్లు ఊపిరి తీసుకున్నాడు. ముందున్న నలభై మందీ అంత సేపూ ఆగి, దాటినమే అన్నారు. వాళ్ల కాళ్లు నెమ్మదించాయి. పరుగు కాస్తా నడకకు దగ్గరైంది. బుచ్చవ్వ కూర్చున్నచోటే ప్రతి మాటకూ బదులు చెబుతోంది, అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఉంది.

గీత దగ్గర సామేలు ఉస్తాద్ విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. ముందువాళ్లు దాటారు. ప్రవీణ్ దాటాడు. ఉస్తాద్ గడియారం వైపు చూడలేదు. అందరికన్నా వెనక, మోకాళ్ల మీద ఒకసారి చేతులు ఆనించి, మళ్లీ లేచి, రాజలింగం వచ్చి గీత దాటాడు.

అప్పుడు ఉస్తాద్ విజిల్ ఊదాడు.